నాన్న దాచిన ఒకటిన్నర అంగుళం

బ్యాంకు ఉద్యోగికి తుపాకితో పనేమిటని మీరు అడగవచ్చు. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో నేను తుపాకిని చూసింది మా బ్రాంచి గుమ్మం దగ్గర గార్డు భుజాన మాత్రమే. నేను చదివింది బి.కాం. డెబిట్టూ క్రెడిట్టూ తప్ప మరో లెక్క తెలియదు. గోడకు మేకు కొట్టమంటే వేలు మీద కొట్టుకునే రకాన్ని. అలాంటివాణ్ణి కిందటేడాది ఆరు ఆదివారాలు వరండాలో కూర్చుని ఒక పాత ఎయిర్ గన్ను చెక్కుతూ, అరగదీస్తూ గడిపాను. ఆ కథే ఇది.

2024 ఆగస్టు 1న పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల రైఫిల్ పోటీలో కాంస్యం గెలిచాడు. టీవీ ముందు కూర్చున్న మా అమ్మాయి, అప్పటికి పద్నాలుగేళ్ళది, "నాన్నా, మన అటక మీద తాతయ్య తుపాకి ఉందట కదా! నాయనమ్మ చెప్పింది" అంది. నా గుండె ఒక్క క్షణం ఆగినట్టయింది. ఆ తుపాకి ఊసు మా ఇంట్లో ఎవరూ ఎత్తి నలభయ్యేళ్ళు దాటింది.

మాది నెల్లూరు జిల్లా. మా నాన్న పెరంబూరు ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీలో ఫిట్టరు. 1976లో ఒక సాయంత్రం మూర్ మార్కెట్ నుంచి పాత గుడ్డలో చుట్టిన పొడుగాటి వస్తువు తెచ్చాడు. మూర్ మార్కెట్ అంటే నేటి పిల్లలకు తెలియదు. సెంట్రల్ స్టేషన్ పక్కన ఉండేది, 1985లో కాలిపోయింది. పాత పుస్తకాల నుంచి గ్రామఫోను ముళ్ళ దాకా అక్కడ దొరకనిది లేదనేవారు. ఆయన తెచ్చింది విదేశీ ఎయిర్ గన్. గొట్టాన్ని మడిచి స్ప్రింగు బిగిస్తే, ట్రిగ్గర్ నొక్కినప్పుడు ఆ స్ప్రింగు గాలిని తోస్తుంది. ఆ గాలి 177 బోరు సీసపు గుళికను తోస్తుంది. మందుగుండు ఉండదు. ఆదివారాల్లో నాన్న అగ్గిపెట్టెలు వరసగా నిలబెట్టి కొట్టేవాడు. నాకు పదేళ్ళు వచ్చాక నా చేతికీ ఇచ్చాడు. మొదట్లో భుజానికి అందని తుపాకి ఒక రోజు చక్కగా అమరింది. నేను పెద్దవాణ్ణయ్యానని మురిసిపోయాను.

1982 వేసవి సెలవులకు తుపాకితో సహా ఊరు వెళ్ళాం. మధ్యాహ్నం అందరూ నిద్రపోతుండగా నేను వేపచెట్టు మీది ఉడుతను కొట్టాను. అది వెంటనే చావలేదు. ఇక ఆ సంగతి రాయలేను. నాన్న లేచి వచ్చి చూశాడు. తిట్టలేదు, కొట్టలేదు. ఉడుతను పాతిపెట్టి, తుపాకిని తన పాత పంచెలో చుట్టాడు. మద్రాసు చేరాక దాన్ని అటక మీద పెట్టేశాడు. తిట్టినా బాగుండేది. 2008లో ఆయన పోయేదాకా మేమిద్దరం ఆ మాట ఎత్తలేదు. నన్ను క్షమించలేదనే అనుకుంటూ బతికాను.

సరే, అమ్మాయి పట్టు వదల్లేదు. అమ్మను అడిగితే "దించరా, దాంతో పాటు ఉడుత సంగతి కూడా దానికి చెప్పు" అంది. చెప్పాను. పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తరవాత "నేను కాగితాన్నే కొడతాను నాన్నా" అంది. నాకు అది చాలు.

ముందు చట్టం సంగతి చూసుకున్నాను. బ్యాంకువాడి బుద్ధి ఎక్కడికి పోతుంది! 2016 నాటి ఆయుధాల నియమావళి ప్రకారం 177 బోరు దాటినా, గుళిక శక్తి 20 జౌళ్ళు మించినా ఎయిర్ గన్‌కు లైసెన్సు కావాలి. మాది ఆ లోపలే. 1959 ఆయుధాల చట్టమైతే లైసెన్సు లేకుండా తుపాకి గొట్టం కురచ చేయడాన్నీ, బొమ్మ తుపాకిని నిజమైనదిగా మార్చడాన్నీ నేరమంటుంది. రిపేరు చేసే మనిషి దగ్గరికి తీసుకెళితే, ఎండిపోయిన తోలు వాషరు మార్చి, "ఇంకా గట్టి స్ప్రింగు వేయమంటారా సార్, దెబ్బ అదిరిపోతుంది" అన్నాడు. వద్దన్నాను. మనం మార్చదలచుకున్నది తుపాకి బలాన్ని కాదు, దాన్ని పట్టుకునే తీరును. ఈ రెండిటి మధ్య గీత ఎవరైనా గుర్తుపెట్టుకోవాలి.

ఇనుము జోలికి పోకుండా కర్రను మనిషికి తగ్గట్టు మార్చుకోవడం ఇతర దేశాల్లో పెద్ద అలవాటు. ప్రపంచ యుద్ధాల తరవాత సైన్యాలు వదిలించుకున్న రైఫిళ్ళను అమెరికాలో చవకగా కొని, బరువైన కర్ర తీసి, ఇంటి షెడ్డుల్లోనే వేట రైఫిళ్ళుగా మలచుకునేవారు. మన దేశంలో ఆ వీలు లేదు. సైన్యం వాడిన 303 బోరు పౌరులకు నిషిద్ధం. అందుకే ప్రభుత్వ కర్మాగారాలు దాదాపు అదే యంత్రంతో 315 బోరు స్పోర్టింగ్ రైఫిల్ తయారుచేశాయి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట ముచ్చట్లూ ముగిశాయి. మిగిలింది కాగితం మీద చుక్క.

ఆ చుక్క సంగతి వింటే ఆశ్చర్యపోతారు. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. ఆవగింజ దానికన్నా పెద్దది. నిలబడి అరవై గుళికలు కాల్చాలి. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచింది ఈ పోటీలోనే. 2012లో లండన్‌లో కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ పుట్టింది మన చెన్నైలో, పెరిగింది హైదరాబాదులో. ఇద్దరు అన్నదమ్ముల మధ్య ఊగే మా చెన్నై తెలుగువాళ్ళకు ఇంతకన్నా దగ్గరివాడు ఎవరు?

ఇక మా సమస్య. అమ్మాయిది ఎడమచేతి వాటం. పొట్టి పిల్ల, సన్నటి చేతులు. మా బ్రాంచి గార్డు కడప జిల్లావాడు, రిటైర్డ్ హవల్దారు. ఆయన ఒక ఆదివారం ఇంటికొచ్చి అమ్మాయి చేత తుపాకి పట్టించి చూశాడు. "తుపాకి చెప్పు లాంటిది సార్. కాలికి తగ్గ చెప్పు తొడగాల గానీ చెప్పుకు తగ్గట్టు కాలు కోస్తామా? మోచేయి మడిచి మడమ అక్కడ ఆనిస్తే వేలు ట్రిగ్గర్ కాడికి ఇబ్బంది లేకుండా పోవాల. ఈ పాపకు పోవడం లేదు. ఒకటిన్నర అంగుళం తగ్గించాల. చెంప ఆనే దిమ్మె గూడా అవతలి పక్కకు రావాల" అన్నాడు.

చెంప దిమ్మె సంగతి తేలిక. నాన్న పడక కుర్చీ చెయ్యి ఒకటి విరిగి మూలన ఉంది, బర్మా టేకు. దాన్ని రంపంతో కోసి, ఆకురాయితో, ఉప్పుకాగితంతో అరగదీశాను. మొదటి ముక్క వంకర పోయింది. రెండోది సరిగ్గా చేశానని మురిశాక చూసుకుంటే కుడిచేతివాళ్ళకు పనికొచ్చేట్టు చెక్కాను! మా ఆవిడ నవ్విన నవ్వు వీధి చివరి దాకా వినిపించింది. అట్టముక్కతో ముందు నమూనా చేసి, దాని మీద చెంప ఆనించి చూసుకున్నాక మూడోది కుదిరింది.

మడమ కోయడమే చేతకాలేదు. పెన్సిలు గీత గీశాను, రంపం పెట్టాను, తీసేశాను. నాన్న చెయ్యి ఆనిన కర్ర అది. ఒకసారి కోస్తే మళ్ళీ అతకదు. ఖాతా మూసినట్టే. రెండు ఆదివారాలు ఆ గీతను చూస్తూ కూర్చున్నాను.

చివరికి కోసేముందు మడమకున్న రబ్బరు పలక ఊడదీశాను. కింద కర్రలో రెండు ఇత్తడి స్క్రూలు లోతుగా బిగించి ఉన్నాయి. అవెందుకో అర్థం కాలేదు. భూతద్దం పెట్టి చూస్తే, నేను గీసిన గీతకు వెంట్రుకవాసి దూరంలో, పాలిష్ కింద ఇంకో గీత కనిపించింది. స్క్రూడ్రైవరు పెట్టి తిప్పాను. నలభై ఏళ్ళ స్క్రూ వెన్నలా తిరిగింది. మరలకు కొవ్వొత్తి మైనం పూసి ఉంది. మడమ చివర ముక్క నా చేతిలోకి ఊడివచ్చింది. కొలిచాను. ఒకటిన్నర అంగుళం.

అప్పుడు తెలిసింది. పదేళ్ళప్పుడు నేను పెద్దవాణ్ణి కాలేదు. నాన్నే తుపాకిని చిన్నది చేశాడు. కోసిన ముక్కను పారేయకుండా దాచి, నేను ఎదిగాకో, అటక ఎక్కించే ముందో తిరిగి బిగించాడు. ఆ బిగించడంలో మైనం పూశాడు. ఫిట్టరు కదా! మళ్ళీ ఎప్పుడో ఒకప్పుడు విప్పాలనుకున్నవాడే స్క్రూకు మైనం పూస్తాడు. ఇక తాకకూడదనుకున్నవాడు మేకు కొడతాడు.

ఆ ముక్క పట్టుకుని వరండాలో చాలాసేపు కూర్చున్నాను. అమ్మ వచ్చి చూసి, "మీ నాన్న ఏదీ మొత్తంగా మూసేసే మనిషి కాదురా" అని లోపలికి వెళ్ళిపోయింది.

మా పాత ఇంటి వరండా పొడవు ముప్ఫై మూడడుగులు, దాదాపు పది మీటర్లు. చివరి గోడకు ఆనించి, పాత వార్తాపత్రికలు కూరిన దళసరి చెక్కపెట్టె పెట్టాం. దాని మీద అట్ట లక్ష్యం. పెరటి తలుపుకు గడియ. ఇంట్లో అందరూ అమ్మాయి వెనకాలే నిలబడాలి, కళ్ళకు అద్దాలు పెట్టుకోవాలి. నేను పక్కన లేకుండా తుపాకి బీరువా దాటదు. ఇవి మా ఇంటి నియమాలు. మొదటి రోజు పది గుళికల్లో మూడే కాగితాన్ని తాకాయి. అయినా అమ్మాయి ముఖంలో ఒలింపిక్ వెలుగు కనిపించింది.

ఇప్పుడు వారాంతాల్లో క్లబ్బుకు వెళ్ళి అక్కడి రైఫిల్‌తో నేర్చుకుంటోంది. నేటి పోటీ రైఫిళ్ళలో మడమా, చెంప దిమ్మే జరుపుకునే వీలున్నవి. నేను ఆరు ఆదివారాలు పడ్డ పాట్లు అవి ఒక మర తిప్పితే తీర్చేస్తాయి. ధర మాత్రం రెండు లక్షలు దాటుతుంది. కొనగలనో లేదో ఇంకా తెలియదు. పతకాల మాట భగవంతుడెరుగు.

ఆ ఒకటిన్నర అంగుళం ముక్కను బీరువాలో, ఫిక్సెడ్ డిపాజిట్ రసీదుల పక్కన పెట్టాను. అమ్మాయి ఎదుగుతోంది. ఏడాదిలోనో రెండేళ్ళలోనో దాన్ని తిరిగి బిగించాలి. కొవ్వొత్తి కూడా తీసి పెట్టుకున్నాను.