కళ్లెం పట్టే చేయి

గత వేసవిలో ఒక వివాహానికని హైదరాబాదు వెళ్లి, మాదాపూరులో మా తమ్ముని ఇంట దిగాను. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి గారు అక్కడ సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. నేడు చుట్టూ ఎటు చూసినా అద్దాల మేడలే. అలాంటి మేడలోనే మా తమ్ముని ఉద్యోగం.

శనివారం తెల్లవారకముందే, "అన్నయ్యా, చిన్నదాన్ని గుర్రపు స్వారీకి తీసుకువెళ్తున్నాను, నువ్వూ రా" అన్నాడు. నాకు నవ్వు వచ్చింది. నాకు తెలిసిన గుర్రం రైలు స్టేషను దగ్గరి జట్కా గుర్రమే. అయితే హైదరాబాదుకు గుర్రాలు కొత్త కాదు. మలక్‌పేటలో పందేల మైదానం ఉన్నది. 1918 సెప్టెంబరులో కర్మెలు కొండ పాదాన ఉన్న హైఫా పట్టణాన్ని పట్టుకున్న అశ్విక దళంలో హైదరాబాదు లాన్సర్లు కూడా ఒక భాగం.

గచ్చిబౌలి, నార్సింగి దాటి గండిపేట వైపు వెళ్లాము. మేడలు వెనుకబడ్డాయి. ఒక ఆవరణలో ఇసుక పరచిన మైదానం, పక్కనే గుర్రపుశాల. వారమంతా కంప్యూటరు ముందు కూర్చునే యువతీయువకులు తలకు హెల్మెట్లు పెట్టుకొని వరుసగా నిలబడి ఉన్నారు.

కొత్తవారిని వెంటనే గుర్రం ఎక్కించరు. ముందుగా దగ్గరకు వెళ్లడం నేర్పుతారు. గుర్రం కళ్లు తలకు రెండు ప్రక్కల ఉంటాయి గనుక, సరిగ్గా వెనుక నిలిచినవాడు దానికి కనబడడు. అందుకే మెల్లగా పలకరిస్తూ ఎడమ భుజం వైపునుండి వెళ్లాలి. తరువాత ఒళ్లు తోమడం, గిట్టల్లో ఇరుక్కున్న రాళ్లు తీయడం, జీను బిగించడం. ఎక్కిన తరువాత కూడా గురువు పొడవైన తాడు పట్టుకొని గుర్రాన్ని గుండ్రంగా నడిపిస్తాడు. పగ్గాలు చేతికిచ్చేది ఆ తరువాతే.

ఎందుకని అడిగాను. ఆ గురువు కళ్లెం నా చేతిలో పెట్టి చూపించాడు. గుర్రానికి ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య పళ్లు లేని ఖాళీ చోటు ఉంటుంది. కళ్లెపు ఇనుము ఆ మెత్తని చిగురు మీద, నాలుక మీద ఆనుతుంది. "కొత్తవారు పడిపోతామన్న భయంతో పగ్గాలు పట్టుకొని వేలాడతారు సార్. దాని నోరు నొప్పి పుడుతుంది. అప్పుడది మాట వినదు, ఎదురు తిరుగుతుంది" అన్నాడు.

యాకోబు పత్రిక మూడవ అధ్యాయంలోని కళ్లెమును గూర్చి నేను ఎన్నోసార్లు ప్రసంగించాను. కళ్లెం చేతపట్టింది మాత్రం ఆ రోజే.

పాప అంతకు ముందు నెల గుర్రం మీదనుండి పడిందట. దెబ్బ తగలలేదు గాని భయం పోలేదు. "డబ్బు కట్టాను, ఎక్కు!" అని మా తమ్ముడు గద్దించాడు. గుర్రం చెవులు వెనక్కు వాల్చింది. గురువు నెమ్మదిగా, "సార్, మీరు కొంచెం అవతల కూర్చోండి" అని, పాప చేతికి బ్రష్షు ఇచ్చాడు. అరగంటసేపు ఆ బిడ్డ గుర్రం మెడ తోముతూనే ఉన్నది. ఆ రోజు ఎక్కలేదు. తిరిగి వస్తుండగా కారులో, "పెదనాన్నా, దాని ఊపిరి ఎంత వెచ్చగా ఉందో!" అన్నది. మా తమ్ముడు మౌనంగా కారు నడిపాడు.

నేనూ మాట్లాడలేకపోయాను. పరీక్ష తప్పిన మా పెద్దవాణ్ణి నేను నలుగురిలో నిలబెట్టి అన్న మాటలు జ్ఞాపకం వచ్చాయి. అప్పటినుండి వాడు నాతో సరిగా మాట్లాడడు. పల్లెలో మనం కోడెదూడను కాడికి అలవాటు చేసేటప్పుడు ఎంతో ఓర్పు చూపుతాము. మొదటి రోజే బరువు లాగించము. మన బిడ్డల దగ్గర ఆ ఓర్పు ఏమైపోతున్నది?

ఆ రాత్రి వాడికి ఫోను చేశాను. చదువు మాట ఎత్తలేదు. "భోజనం చేశావా నాన్నా?" అని అడిగాను. కొంతసేపు అవతల మాట లేదు. తరువాత, "చేశాను నాన్నా, మీరు?" అన్నాడు.

ప్రియమైన తల్లిదండ్రులారా, పగ్గాలు మన చేతిలో ఉండవలసిందే. అయితే వాటి చివర ఒక మెత్తని నోరు ఉన్నదని మరువకుందుము.