దారి తెంపాలె

తొంభైల నడుమ హైదరాబాద్ చైతన్యపురిలో మా ఇంటి పిట్టలకు పిల్లి బెడద పెద్దగా లేదు. అసలు శత్రువులు ఎర్రచీమలు. కొత్తపేట పండ్ల మార్కెట్ కూతవేటు దూరం. మామిడి కాలంలో లారీల నుంచి రాలిన కాయలు, కుళ్లిన గడ్డి రోడ్డు పొడవునా ఉండేవి. మా గోడ పగుళ్లన్నీ చీమలవే.

నాయన ముర్గీ చౌక్ నుంచి లవ్ బర్డ్స్ తెచ్చాడు. రామచిలుకల అమ్మకం అప్పటికే నిషేధం. ఆస్ట్రేలియా జాతివైన ఈ బడ్జీలకు ఆ చిక్కు లేదు. వెల్డింగ్ షాపులో నాలుగు కాళ్ల జాలీ పంజరం చేయించి మెట్ల కింద పెట్టాడు. లోపల అడ్డంగా కట్టిన మట్టి ముంతలు, మేతకు కొర్రలు, పొదిగే పిట్టకు ఉడికించిన గుడ్డు సొన. చీమలను పిలిచింది ఆ సొనే.

బడ్జీ రోజు విడిచి రోజు గుడ్డు పెడుతుంది. ఒక్కో గుడ్డు పిల్ల కావడానికి సుమారు 18 రోజులు. అందుకే ఒకే ముంతలో ఈకలు మొలుస్తున్న పిల్లా, నిన్న బయటపడి ఇంకా కళ్లు తెరవని పిల్లా ఉంటాయి. చీమలు పట్టేది ఆ చివరిదాన్నే. ఒక ఉదయం ముంత దించి చూస్తే అది చీమల కింద కనిపించనేలేదు.

పక్కింటివాళ్లు గమేక్సిన్ పొడి చల్లమన్నారు. కిరాణా కొట్లో పొట్లం కట్టి ఇచ్చే ఆ బీహెచ్‌సీని ప్రభుత్వం 1997లో నిషేధించింది. నల్లగొండ పల్లెలో కోళ్లు పెంచిన నాయనమ్మ మాత్రం అప్పుడే వద్దంది. "చీమా సస్తది, దాన్ని తిన్న కోడీ సస్తది. మందుతోటి గాదు బిడ్డా, దారి తెంపాలె."

పిట్టలకు ఊపిరితిత్తులతో పాటు గాలి సంచులూ ఉంటాయి. పీల్చిన గాలిలో ఉన్నదాన్ని మనకన్నా ఎక్కువగా ఒంటికి పట్టించుకుంటాయి. బ్రిటన్ బొగ్గు గనుల్లో విషవాయువును పసిగట్టడానికి 1986 దాకా కెనరీ పిట్టలను వాడింది అందుకే. ఇదంతా నేను పెద్దయ్యాక చదివాను. నాయనమ్మకు కోళ్లే చెప్పాయి.

నాలుగు కాళ్ల కిందా నీళ్ల గిన్నెలు పెట్టాం. పిట్టలు కొర్రల పొట్టు ఒలిచి గింజే మింగుతాయి. ఆ పొట్టు నీళ్ల మీద తెట్టు కట్టింది, చీమలు దాని మీదుగా దర్జాగా నడిచొచ్చాయి. ఎండకు సాయంత్రానికల్లా గిన్నెలు ఎండిపోయేవి. నీళ్లు నిలిస్తే దోమ పిల్లలు, సరూర్‌నగర్ చెరువు దోమలు చాలవన్నట్టు. అప్పుడు నాయనమ్మ పాత ధోవతి పీలికలు ఆముదంలో ముంచి పంజరం కాళ్లకు చుట్టింది. మా జిల్లాలో ఆముదానికి కరువా! అది చిక్కన, తొందరగా ఆరదు. దుమ్ము పట్టి గట్టిపడేలోపు పీలిక మారిస్తే సరి. జాలీకి బాగా కిందుగా కట్టాలి, నూనె అంటితే ఈకలు అతుక్కుపోయి పిట్టకు వెచ్చదనం నిలవదు.

అయినా వచ్చాయి. కనిపెట్టింది అమ్మ. బట్టలారేసే దండెం ఒక కొస పంజరం పైచువ్వకు కట్టి ఉంది! విప్పేసి, పంజరాన్ని గోడకు జానెడు ఎడంగా జరిపాం. ముందు నడిచిన చీమ వదిలిన వాసనే వెనకవాటికి బాట కాబట్టి గోడను సబ్బునీళ్లతో కడిగాం. మిగిలిన సొన గంటలోపే తీసేయడం నా పని.

పందికొక్కులకు మందు సాయంత్రం చీపురే, రాలిన గింజ లేకపోతే వాటికి మా మెట్ల కింద పనేముంది? రాత్రిళ్లు రక్తం పీల్చే ఎర్ర పురుగులు ఇంకా గడుసువి, పగలు పగుళ్లలో దాక్కుంటాయి. రాత్రి తెల్లగుడ్డ పరిచి పొద్దున చూస్తే ఎర్ర చుక్కలు బయటపడేవి. ముంతల మీద మరిగే నీళ్లు పోసి ఎండబెట్టేవాళ్లం.

2018లో మెట్రో ఎల్బీ నగర్ దాకా వచ్చింది. 2021లో పండ్ల మార్కెట్ బాటసింగారం తరలిపోయింది. చీమలు తరలలేదు. ఎల్బీ నగర్‌లో ఉండే మా అన్న కొడుకు మొన్న ఫోన్ చేశాడు. "అయిదో అంతస్తుకు చీమలెట్ల ఎక్కినయి చిన్నాయనా?"

"పంజరానికి ఏదన్న తాకుతున్నదేమో చూడు."

ఇంటర్నెట్ కేబుల్ అట. దానికి వాజెలిన్ పూశాడు. ఆముదం పూయకపోయావా అంటే, వాసన అన్నాడు.