ఒక క్లాసు మాసాయిపేటలో పెట్టండి

2014 జులై 24న, అప్పట్లో మా ఎల్దుర్తి మండలంలో ఉన్న మాసాయిపేటలో, కాపలా లేని రైల్వే గేటు దగ్గర స్కూలు బస్సును రైలు ఢీకొట్టింది. ఆ బస్సులో పోయిన పిల్లల్ని మేం మర్చిపోలేదు. 2019 నాటికి దేశమంతా బ్రాడ్‌గేజ్ మీద అలాంటి గేట్లు తీసేశారు.

రోడ్ల మీద మాత్రం ఇంకా చాలా పనుంది. ఎదురొచ్చే బండి కనబడని మలుపు, ఊరి బాట హైవేలో కలిసే చోటు... ఇలాంటివి ప్రాణం పోకముందే పట్టుకోవడానికి రోడ్ సేఫ్టీ ఆడిట్ ఉంది, దానికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మాన్యువల్ ఉంది. ఆ ఆడిట్ నేర్చుకోవడానికి గచ్చిబౌలిలో ఇంజనీరింగ్ స్టాఫ్ కాలేజీ, వరంగల్‌లో ఎన్‌ఐటీ ఉన్నాయి. ఎన్‌పీటెల్ వీడియో పాఠాలైతే ఫ్రీ.

అధికారులారా, ఇంజనీర్ల సదస్సులకు పెద్ద సార్లతో పాటు, మండలాల్లో ఎండలో నిలబడి రోడ్డు వేయించే అసిస్టెంట్ ఇంజనీర్లనూ (ఏఈలనూ) పంపండి. వాళ్లకు రోడ్ సేఫ్టీ ఆడిట్ మీద ఒక్కరోజు క్లాసు మాసాయిపేటలోనే పెట్టండి.