పరిహారం జాబితా ఎవరి రహస్యం?

ప్రకృతి వైపరీత్యం తరువాత ప్రభుత్వం ప్రకటించే మొత్తం అందరికీ తెలుస్తుంది. అది ఎవరి చేతికి చేరిందో మాత్రం పక్క చేను రైతుకు కూడా తెలియదు. 2025 నవంబరులో అకాల వర్షాలకు పంట కోల్పోయిన రైతులకు గుజరాత్ ప్రభుత్వం 10,000 కోట్ల రూపాయల సహాయం ప్రకటించింది. హెక్టారుకు 22,000 రూపాయలు, గరిష్ఠంగా రెండు హెక్టార్లకు. పత్రికల మొదటి పేజీలకు ఆ అంకె చాలింది. అసలు ప్రశ్న గ్రామ స్థాయిలో మొదలవుతుంది.

ఆ ప్రశ్న నాకు సూరత్‌లోని ఖటోదరాలో ఎదురైంది. తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన నేత కుటుంబాలు ఈ నగరంలో తరాలుగా మరమగ్గాలను నమ్ముకుని బతుకుతున్నాయి. నేను మాట్లాడిన వారిలో కొందరికి స్వగ్రామంలో ఎకరమో రెండెకరాలో ఇంకా ఉంది. దానిని దున్నేది కౌలు రైతు. వడగళ్లు పడితే పోయేది అతని పంట. పట్టా ఎవరి పేరున ఉందో వారి ఖాతాకే సొమ్ము చేరడం మాత్రం మామూలైపోయింది. పట్టాదారు దొంగ కాదు. కౌలు ఒప్పందం నోటిమాటగా ఉన్నచోట దస్త్రానికి కౌలుదారు కనిపించడు. ఊరికి మాత్రం కనిపిస్తాడు. అందుకే జాబితా ఊరి ముందుకు రావాలి.

ఇది కొత్త కోరిక కాదు. సమాచార హక్కు చట్టం (2005) సెక్షన్ 4 ప్రకారం రాయితీ పథకాల లబ్ధిదారుల వివరాలను ఎవరూ అడగకముందే ప్రభుత్వం వెల్లడించాలి. పీఎం కిసాన్‌లో 20 లక్షల మందికి పైగా అనర్హులకు దాదాపు 1,364 కోట్ల రూపాయలు చేరాయన్న సంగతి బయటపడింది కూడా ఈ చట్టం కింద వేసిన దరఖాస్తు వల్లనే.

అయితే, 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 8(1)(జె)ని సవరించింది. 2025 నవంబరులో అమలులోకి వచ్చిన ఆ సవరణ, 'వ్యక్తిగత సమాచారం' అన్న ఒక్క మాటతో దరఖాస్తును తిరస్కరించే వీలును అధికారికి కల్పించింది. సెక్షన్ 4 చెక్కుచెదరలేదు, ప్రజాప్రయోజనం కోసం వెల్లడించే సెక్షన్ 8(2) కూడా మిగిలే ఉంది. కానీ వాటిని వాడాలన్న సంకల్పం అధికారికి ఉండాలి కదా!

గోప్యత వాదనను కొట్టిపారేయలేం. ఖాతాలో సొమ్ము పడిందని తెలిస్తే వడ్డీ వ్యాపారి మరునాడే గుమ్మంలో ఉంటాడు. ఐరోపా న్యాయస్థానం 2010లో ఈ తూకమే వేసి, వ్యవసాయ నిధులు పొందిన వ్యక్తులందరి పేర్లను విచక్షణ లేకుండా ప్రచురించడం చెల్లదన్నది. ఐరోపా సమాఖ్య అంతటితో తలుపులు మూసుకోలేదు. చిన్న మొత్తాలు పొందినవారి పేర్లను మినహాయించి, 2013లో ప్రచురణకు మళ్లీ నిబంధనలు చేసుకుంది.

మనకూ మధ్యేమార్గం ఉంది. ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబర్లు బయటపెట్టనవసరం లేదు. పట్టాదారు పేరు, విస్తీర్ణం, పంట, మంజూరైన మొత్తం, వాటి పక్కన సాగుదారు పేరు ఉంటే చాలు. సొమ్ము జమ కాకముందే ఆ జాబితాను గ్రామసభలో చదివి వినిపించాలి. జమ అయ్యాక చదివితే అది సమాచారం మాత్రమే. ముందే చదివితే కౌలు రైతుకు అభ్యంతరం చెప్పుకునే హక్కు దక్కుతుంది.