లుసైల్‌లో ఫైనల్, ఇంట్లో చిన్నాయన

2022లో ఖతార్‌లోని లుసైల్‌లో అర్జెంటీనా, ఫ్రాన్స్ ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్ జరిగిన రాత్రి అది. జగిత్యాల నుంచి చిన్నాయన, చిన్నమ్మ వచ్చారు, ఇల్లంతా సందడి.

ఎంబాపె 80, 81 నిమిషాల్లో రెండు గోల్స్ కొట్టేసరికి పిల్లల కేకలు వీధి దాకా.
చిన్నాయన మాత్రం బంతిని చూడట్లేదు. కెమెరా స్టేడియం పైకప్పు చూపించినప్పుడల్లా ముందుకు వంగుతున్నాడు.

"ఎండల ఇనుము మోసినం బిడ్డా. తయారైనంక ఎట్లుంటదో ఇయ్యాల్నే సూస్తున్న."

3-3. పెనాల్టీల్లో 4-2. మెస్సీ కప్పు ఎత్తాడు, నా కళ్లు చెమర్చాయి.

ఖతార్‌లో వలస కార్మికుల చావుల గురించి ఎన్ని వార్తలు వచ్చాయో! మన కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి ఎంతమంది గల్ఫ్‌కు పోయారో!
ఆ స్టేడియాలు కట్టినవాళ్లకు దక్కాల్సిన గౌరవం దక్కలేదు.

మీ ఇంట్లో ఎవరైనా అక్కడ పనిచేశారా? మ్యాచ్ చూస్తూ ఏమన్నారో రాయండి.