ఏ ఊరి డాక్టరు?

అర్ధరాత్రి దాటాకే శంషాబాద్‌ విమానాశ్రయానికి అసలు సందడి. గల్ఫ్‌ మీదుగా అమెరికా, ఇంగ్లండ్‌ వెళ్లేవాళ్ల విమానాలు చాలావరకు ఆ వేళల్లోనే. గుంటూరు నుంచి, ఖమ్మం నుంచి, కరీంనగర్‌ నుంచి వచ్చిన కార్లు బారులు తీరుతాయి. ఇంట్లో తూచిన పెట్టెల్నే ఇక్కడ మళ్లీ తూస్తారు. ఆవకాయ తీసెయ్యాలా, పుస్తకాలు తీసెయ్యాలా అని చర్చ. ఎక్కువసార్లు పుస్తకాలే ఇంటికి తిరిగి వెళతాయి!

ఆ గుంపులో డాక్టర్లను గుర్తుపట్టడం పెద్ద కష్టమేమీ కాదు. ఎమ్మెస్‌కు వెళ్లే ఇంజినీరింగ్‌ పిల్లలకన్నా నాలుగైదేళ్లు పెద్దవాళ్లు. చేతిలో లావుపాటి సర్టిఫికెట్ల ఫైలు. వాళ్లది ఒక్క రాత్రిలో తేలిన ప్రయాణం కాదు. దాని వెనక రెండు మూడేళ్ల తర్జనభర్జన ఉంటుంది. ఎంబీబీఎస్‌, హౌస్‌సర్జన్సీ కలిపి ఐదున్నరేళ్లు. ఆ తర్వాత నీట్‌ పీజీ. కోరుకున్న బ్రాంచి వచ్చే ర్యాంకు రాకపోతే యాజమాన్య కోటా. ఆ మాట ఎత్తగానే ఇంట్లో పొలం కాగితాలు బయటికొస్తాయి. అప్పుడు మొదలవుతుంది ‘ఏ దేశం?’ అనే ప్రశ్న. మేనమామ అమెరికా అంటాడు. బాబాయి లండన్‌ అంటాడు. ‘దుబాయ్‌ అయితే నాలుగ్గంటల్లో వచ్చేస్తావు కదమ్మా’ అంటుంది తల్లి.

ఒక్కో దేశానిదీ ఒక్కో లెక్క. గల్ఫ్‌లో ఆదాయపు పన్ను లేదు, కానీ ఎన్నాళ్లున్నా సాధారణంగా ఆ దేశ పౌరుడు కాలేడు. ఇంగ్లండ్‌కు ప్లాబ్‌ రెండు భాగాలు రాస్తే చాలు, రిజిస్ట్రేషన్‌కు దారి దొరుకుతుంది. దొరికాక ఉద్యోగం దొరకాలిగా! అక్కడ పాత గాయం ఒకటుంది. విదేశీ డాక్టర్లు వర్క్‌ పర్మిట్‌ లేకుండా శిక్షణ పొందే వెసులుబాటును బ్రిటన్‌ 2006 ఏప్రిల్‌లో ఎత్తేసింది. అప్పటికే అప్పులు చేసి వెళ్లి, లండన్‌ ఈస్ట్‌హామ్‌లో ఇరుకు గదులు పంచుకుంటూ ఉద్యోగాలకు దరఖాస్తులు పెడుతున్న మన పిల్లలు ఎటూకాకుండా పోయారు. భారతీయ వైద్యుల సంఘం కోర్టుకెక్కింది. విదేశీ డాక్టర్లను వెనక్కి నెట్టమని ఆసుపత్రులకిచ్చిన మార్గదర్శకాలు చెల్లవని 2008లో హౌస్‌ ఆఫ్‌ లార్డ్స్‌ తీర్పు చెప్పింది. తీర్పొచ్చేసరికి చాలామందికి రెండేళ్లు గడిచిపోయాయి. వైద్యుడి జీవితంలో రెండేళ్లంటే చిన్నమాట కాదు.

అసలు చిత్రమంతా అమెరికా దారిలో ఉంది. అక్కడ రెసిడెన్సీ చెయ్యాలంటే యూఎస్‌ఎంఎల్‌ఈ పరీక్షలు రాయాలి. ఏటా మార్చిలో ‘మ్యాచ్‌’ ఫలితం కోసం ఇక్కడ ఇళ్లల్లో దేవుడి గది దీపం ఆరదు. సీటొస్తే ఎక్కువమందికి దొరికేది జె-1 వీసా. దానికి మన కేంద్ర ఆరోగ్యశాఖ ఒక ఉత్తరం ఇవ్వాలి... ‘ఈ విద్యలో నిపుణులు మా దేశానికి అవసరం, ఈ వ్యక్తి చదువయ్యాక తిరిగొస్తానని హామీ ఇచ్చారు’ అని! నిజంగానే, చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్నది ఆ వీసా షరతు.

మరి అందరూ తిరిగొస్తున్నారా? అక్కర్లేదు. మినహాయింపు ఉంది. వైద్యుల కొరత ఉన్న ప్రాంతంలో మూడేళ్లు పనిచేస్తే ఆ షరతు రద్దవుతుంది. నార్త్‌ డకోటా సెనేటర్‌ కెంట్‌ కాన్రాడ్‌ పేరుమీద 1994లో వచ్చిన పథకం అది. 2002లో దాన్ని పెంచి ఒక్కో రాష్ట్రానికి ఏడాదికి 30 మంది అన్నారు. అమెరికాలో పుట్టిపెరిగిన డాక్టర్లు వెళ్లడానికి ఇష్టపడని ఊళ్లకోసం పుట్టిందది. చుట్టూ మొక్కజొన్న చేలు, ఆర్నెల్లు చలి, కందిపప్పు కావాలంటే మూడు గంటల కారు ప్రయాణం. ఉట్నూరులోనో పాడేరులోనో పోస్టింగ్‌ అంటే ‘అమ్మో’ అన్న మన కుర్రాడు అక్కడ మూడేళ్లుంటాడు. ఆ ఊరి ముసలివాళ్ల బీపీలు, షుగర్లు అతనికి కంఠతా వస్తాయి. అంటే అతను తేల్చుకున్నది ఏ దేశమన్నది కాదు, ఏ పల్లెటూరన్నది.

అతణ్ని తప్పుపట్టడం తేలికే. కానీ ఆ చిన్న ఊళ్లోనూ స్కానింగ్‌ ఉంటుంది, నర్సులుంటారు, పరిస్థితి విషమిస్తే పెద్దాసుపత్రికి తరలించే ఏర్పాటుంటుంది. ఇక్కడ అవేవీ లేకుండా ఒక్కణ్నే కూర్చోబెట్టి, రోగి చనిపోతే బంధువులు చొక్కా పట్టుకుంటుంటే ఎన్నాళ్లు ఉంటాడు? 2024 ఆగస్టులో కోల్‌కతాలో డ్యూటీలో ఉన్న పీజీ వైద్యురాలిపై హత్యాచారం జరిగాక ఆడపిల్లల తండ్రులు ఈ లెక్కను ఇంకోసారి వేసుకున్నారు.

అక్కడైనా గట్టు తెగిన చెరువులేం లేవని కాదు. భారత్‌లో పుట్టినవాళ్లకు గ్రీన్‌కార్డు క్యూ ఏళ్లకేళ్లు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుమని అధ్యక్షుడు ప్రకటించగానే, పల్లెల్లోని ఆసుపత్రులు అంత ఎక్కణ్నుంచి తేగలవని అక్కడి వైద్య సంఘాలే మొత్తుకున్నాయి.

ఇదే శంషాబాద్‌లో ఇంకో గేటు దగ్గర వేరే దృశ్యం. ఒమన్‌ నుంచి, సూడాన్‌ నుంచి, కెన్యా నుంచి చక్రాల కుర్చీల్లో రోగులు దిగుతుంటారు... హైదరాబాద్‌ డాక్టర్ల కోసం! ఆ పేరు నగరానికి ఊరికే రాలేదు. అందులో తిరిగొచ్చినవాళ్ల వాటా పెద్దదే. డాక్టర్‌ కాకర్ల సుబ్బారావు సంగతే చూడండి. కృష్ణా జిల్లా పెదముత్తేవిలో పుట్టి, విశాఖలో చదివి, 1951లో అమెరికా వెళ్లారు. 1956లో తిరిగొచ్చి ఉస్మానియాలో రేడియాలజీ చెప్పారు. 1970లో మళ్లీ వెళ్లిపోయారు. ఎన్టీఆర్‌ పిలుపుతో అరవై ఏళ్ల వయసులో మళ్లీ వచ్చి నిమ్స్‌ను నిలబెట్టారు. 2021లో కన్నుమూసేవరకూ ఇక్కడివారే. ఒక మనిషి రెండుసార్లు వెళ్లి రెండుసార్లు వచ్చాడంటే, ఈ నిర్ణయం ఒక్కసారితో తెగేది కాదన్నమాట.

కంటి వైద్యుడు గుళ్లపల్లి నాగేశ్వరరావుదీ అలాంటి దారే. 1974లో వెళ్లి అమెరికా విశ్వవిద్యాలయంలో స్థిరపడ్డాక వెనక్కి వచ్చారు. సినీ ప్రముఖుడు ఎల్వీ ప్రసాద్‌ కుటుంబం స్థలం, విరాళం ఇస్తే 1987లో నేత్రవైద్య సంస్థ మొదలైంది. బంజారాహిల్స్‌లో ఆగిపోలేదది. 1996లో ఆదిలాబాద్‌ జిల్లా ముథోల్‌లో కంటి ఆసుపత్రి పెట్టింది. ముథోల్‌ కూడా పల్లెటూరే. అక్కడికి డాక్టర్లు వెళ్లారు, ఉన్నారు. వెనక ఒక వ్యవస్థ, పరికరాలు, శిక్షణ పొందిన స్థానిక పిల్లలు ఉన్నారు కాబట్టి. తిరిగి రావడానికి దేశభక్తి ఒక్కటే సరిపోతుందనుకునేవాళ్లు ఈ చిన్న సంగతి మర్చిపోతుంటారు.

తిరిగొచ్చేవాళ్లకు ఒకప్పుడు డిగ్రీ గుర్తింపూ తలనొప్పే. శంషాబాద్‌ విమానాశ్రయం మొదలైన 2008లోనే అమెరికా, బ్రిటన్‌, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో చేసిన పీజీలను మన దేశం గుర్తించింది. కాగితాల అడ్డు అలా తొలగింది. పిల్లల స్కూళ్లు, ఇంటి అప్పు, భార్యాభర్తల్లో ఇద్దరూ డాక్టర్లయితే ఇద్దరికీ ఒకే ఊళ్లో ఉద్యోగం... ఇవి ఏ గెజిట్‌తోనూ తొలగేవి కావు. అందుకే ‘ఇంకో రెండేళ్లు చూద్దాం’ అంటారు. పిల్ల ఆరో తరగతికి వస్తుంది. పదో తరగతికి వస్తుంది. ఇక ఆ ప్రశ్న ఎవరూ అడగరు.

అడగకపోయినా, ఇక్కడ తండ్రికి డెబ్బై దాటుతుంది. ఆయన ఈసీజీ కాగితం ఫోన్లో ఫొటోగా వెళుతుంది. హైదరాబాద్‌లో రాత్రి తొమ్మిదిన్నర అయితే న్యూయార్క్‌లో వేసవిలో మధ్యాహ్నం పన్నెండు, రౌండ్స్‌ నడుస్తుంటాయి. వరండాలోకి వచ్చి ఆ గీతలు చూసి, ఇక్కడి డ్యూటీ డాక్టర్‌కు ఫోన్‌ చేసి, ‘సార్‌, నేనూ డాక్టర్నే’ అని మొదలుపెడుతుంది కూతురు. అవతల గొంతు మర్యాదగానే ఉంటుంది. మందు పేరు, మోతాదు మాట్లాడుకుంటారు. ఫోన్‌ పెట్టేసి ఆమె లోపలికెళ్లి మరెవరి తండ్రి మణికట్టో పట్టుకుంటుంది. ఇక్కడ, తన కూతురు అంత పెద్ద డాక్టరని పక్క మంచం ఆయనకు చెబుతుంటాడు తండ్రి.