రంజాను ఏ క్వార్టర్లో వస్తుంది?

పోయిన జూలైలో ఒక సాయంత్రం అసర్ నమాజుకు లేస్తుంటే మా తమ్ముడి ఫోన్. "భాయిజాన్, బ్యాంకోళ్లు జుర్మానా వేసినారు. ఖాతాలోంచే పట్టుకున్నారు. ఎందుకని అడిగితే సాంక్షన్ లెటర్ చదువుకోమంటున్నారు. నువ్వు చదివినావు కదా?"

చదివినాను. చదివినాననే అనుకున్నాను.

ప్రొద్దుటూరు బజార్లో మాది బట్టల దుకాణం. అబ్బా మొదలుపెట్టింది, ఇప్పుడు తమ్ముడు చూసుకుంటున్నాడు. మా ఊరిని రెండో బొంబాయి అంటారు. బంగారం, బట్టలు రెండిటికీ చుట్టుపక్కల ఊళ్లన్నీ ఇక్కడికే వస్తాయి. జమ్మలమడుగు, పులివెందుల నుంచి పెళ్లి బట్టలకు వచ్చే ఖాందాన్లు మాకు మూడు తరాలుగా ఉన్నాయి. అబ్బా బతికున్నన్నాళ్లూ బ్యాంకు గడప తొక్కలేదు. సూద్ ఇచ్చినా పుచ్చుకున్నా గునాహే అనేవారు. కానీ సరుకు కోసం బయట ఫైనాన్సులో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన రోజులు ఆయనకూ ఉన్నాయి. రెండు రూపాయలంటే ఏడాదికి ఇరవై నాలుగు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. ఆయన పోయాక తమ్ముడు ఖర్జె హసనా కోసం రిష్తేదార్లందరినీ అడిగినాడు. రెండు చోట్ల దొరికింది, నాలుగు చోట్ల చాయ్ దొరికింది. చివరికి 2024 ఆగస్టులో బ్యాంకుకు పోయినాడు. 40 లక్షల క్యాష్ క్రెడిట్. తాకట్టు అమ్మీ పేరు మీదున్న ఇల్లు. జామీను నేను.

ఆ రోజు బ్యాంకులో నా ముందు పదకొండు పేజీలు పెట్టినారు. వడ్డీ ఎంతో చూసినాను, మొత్తం ఎంతో చూసినాను, అమ్మీ పేరు స్పెల్లింగు సరిచేయించినాను. పెన్ను చూపించిన చోటల్లా దస్తఖత్ చేసినాను. ఇరవై ఏళ్లుగా పత్రికలో పనిచేస్తూ ఇతరుల కాగితాలు చదవడమే రోజీగా బతుకుతున్నవాణ్ణి.

కుర్‌ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ సూరె బఖరాలో 282వది. అది అప్పు గురించే. అప్పు పుచ్చుకుంటే రాసుకోవాలి, గవాహీ పెట్టుకోవాలి. ఉర్దూ మీడియం బళ్లో మా ఉస్తాద్ దాన్ని కంఠస్థం చేయించినారు. నేనే ఎందరికో చెప్పినాను. రాసిందాన్ని చదవాలన్న తెలివి మాత్రం నాకు ఆ రోజు రాలేదు.

ఆ రాత్రి లెటర్ తెప్పించుకుని ముందునుంచి చదివినాను. ఇంగ్లీషులో కవనెంట్ అంటారు. డిగ్రీలో తెలుగు చదివినవాణ్ణి కాబట్టి 'నిబంధన' అని రాయగలను. కానీ బజార్లో ఎవరినడిగినా షరతు అనే అంటారు. అది మన షర్త్. అసలు తెలుగువాడు అప్పు గురించి నోరు తెరిస్తే సగం మన మాటలే: బాకీ, కిస్తు, వసూలు, జామీను, జప్తు, రసీదు, మాఫీ. రాయితీ కూడా మన రియాయతే. మాటలు అన్నీ మనవే, మనం మాత్రం చదవకుండా సంతకాలు పెడుతున్నాం.

ఆ షరతుల్లో కొన్ని సులువైనవి. నెల నెలా పదో తేదీలోపు సరుకు లెక్క ఇవ్వాలి. బ్యాంకుకు చెప్పకుండా ఇంకోచోట అప్పు చేయకూడదు. ఇంట్లోవాళ్లు వ్యాపారంలో పెట్టిన డబ్బు ఈ అప్పు ఉన్నంతకాలం వెనక్కి తీసుకోకూడదు. (ఇది చదివినప్పుడు ఖర్జె హసనా ఇచ్చిన మామూజాన్ గుర్తొచ్చి గుండె జారింది. ఆయన బిడ్డ షాదీకి తిరిగిస్తామని జబాన్ ఇచ్చి ఉన్నాం.)

లిమిట్ 40 అని రాసున్నా ఎప్పుడూ 40 తీసుకోలేం. దుకాణంలో సరుకు 60 లక్షలుంటే, అందులో సూరత్ నుంచి బాకీ మీద తెచ్చింది 12 లక్షలు తీసేయాలి. మిగిలిన 48లో నాలుగో వంతు మన సొంతమై ఉండాలి. అంటే 36 వరకే వాడుకోవచ్చు. ఈద్ అయ్యాక సరుకు 32కు పడిపోయి, సూరత్ బాకీ అంతే ఉందనుకోండి, చేతికొచ్చేది 15. బేరం బాగా సాగిన నెలకే లిమిట్ తగ్గుతుంది. తమ్ముడికి ఇది ముందే తెలుసు. మే నెల ముహూర్తాలకు సరుకు తేలేక దాన్ని పోయినేడే అనుభవించినాడట. నాకు చెప్పలేదు.

అసలు జుర్మానా ఆరో పేజీలో ఉంది. అర్జీతో పాటు మేమిచ్చిన అంచనాల్లో ఏ క్వార్టర్ అమ్మకమైనా నాలుగింట మూడొంతుల కంటే తగ్గకూడదు. తగ్గేట్టుంటే ముందుగా రాసి తెలియజేయాలి. 2025 ఏప్రిల్-జూన్‌లో మా అమ్మకం అంచనాలో సగం.

దుకాణం బాగానే నడుస్తుంటే సగం ఎందుకైంది? తెల్లవారి ఫజర్ తర్వాత తమ్ముడి లెక్కల పుస్తకం ముందేసుకుంటే అప్పుడు తట్టింది. 2024లో మొదటి రోజా మార్చి 12న. ఇరవై రోజాలు మార్చి 31తో అయిపోయినాయి. మన బజారు నిద్రలేచేది ఆఖరి అష్రాలో కదా, ఆ పది రోజులూ ఏప్రిల్ ఒకటి నుంచి పది. పదకొండున ఈద్. మా ఆడిటర్ ఆ ఏప్రిల్-జూన్ అమ్మకం తీసుకుని, దానికి పదిహేను శాతం కలిపి మరుసటేడు అంచనా రాసినాడు. 2025లో మొదటి రోజా మార్చి 2న, ఈద్ మార్చి 31న. రంజాను మొత్తం జనవరి-మార్చి క్వార్టర్లోకి జరిగిపోయింది. ఆ క్వార్టర్లో అంచనాను మించి అమ్మినాం, దాన్ని ఎవరూ మెచ్చుకోలేదు. తర్వాతి క్వార్టర్ ఖాళీ. బ్యాంకు కంప్యూటరుకు చాంద్ కనపడదు.

దసరాకు ఈ బాధ ఇంతగా లేదు. ప్రొద్దుటూరు దసరా అంటే మాకు రెండో సీజను. 2024లో అక్టోబరు 12న వచ్చింది, 2025లో అక్టోబరు 2కు జరిగింది, 2026లో అధిక జ్యేష్ఠం వచ్చి మళ్లీ అక్టోబరు 20కి లాగుతుంది. వాళ్ల పంచాంగం మూడేళ్లకోసారి సరిదిద్దుకుంటుంది. మన హిజ్రీకి ఆ సర్దుబాటు లేదు. ఏటా పది పదకొండు రోజులు వెనక్కే.

ఇందులో నన్ను ఎక్కువగా కుట్టిన సంగతి వేరే. అదే మే, జూన్ నెలల్లో నేను స్పందన స్ఫూర్తి కంపెనీ త్రైమాసిక ఫలితాలు శ్రద్ధగా చదువుతున్నాను. 1998లో గుంటూరులో స్వచ్ఛంద సంస్థగా మొదలై, ఆడవాళ్ల గ్రూపులకు చిన్న అప్పులిస్తూ పెరిగి, 2019లో స్టాక్ మార్కెట్‌కు ఎక్కిన కంపెనీ. 2023-24లో సుమారు 500 కోట్ల లాభం. మరుసటేడు కిస్తులు రాక వెయ్యి కోట్లకు పైగా నష్టం. అప్పులిచ్చే కంపెనీ కూడా అప్పు చేసే ఇస్తుంది. దానికిచ్చిన బ్యాంకులూ షరతులు పెడతాయి: మొండి బాకీలు ఇంతకు మించకూడదు, సొంత మూలధనం ఇంతకు తగ్గకూడదు. అలాంటి కొన్ని షరతులు తప్పామని కంపెనీయే ఫలితాల కింది నోట్సులో రాసుకుంది. షరతు తప్పితే, కిస్తు ఒక్కటి తప్పకపోయినా, మొత్తం ఒకేసారి కట్టమనే హక్కు అప్పిచ్చినవాడికి వస్తుంది. అందుకే ఇచ్చినవాళ్ల దగ్గరికి పోయి రాయితీ అడుక్కోవాలి. ఇదంతా గీతలు గీసుకుంటూ చదివినాను. మా ఇంటి కాగితం ఆరో పేజీ మాత్రం తిప్పలేదు.

2010లో మా ఖాలా ఇలాంటి ఒక గ్రూపులో ఉండింది. ఏ కంపెనీయో ఇప్పుడెందుకు. ఒకరు కట్టకపోతే మిగతా నలుగురు కట్టాలి, అంతే షరతు. ప్రతి మంగళవారం పొద్దున ఆమె ఇంటి అరుగు మీద మీటింగు. ఒక మంగళవారం ఒకామె రాలేదు, ఖాలా చేతి గాజులు తీసి కట్టింది. ఆ అక్టోబరు 15న ఆర్డినెన్సు వచ్చింది. వారం కిస్తులు నెలకు మారాయి, ఇళ్ల మీదికి రాకూడదన్నారు, అసలును మించి వడ్డీ వసూలు చేయకూడదన్నారు. రాష్ట్రమంతా వసూళ్లు దాదాపు ఆగిపోయి కంపెనీలు తలకిందులైనాయి. ఖాలాకు గాజులు తిరిగి రాలేదు. కానీ తన షరతు ఏమిటో ఆమెకు పూర్తిగా తెలుసు. చదువురాని మనిషి.

మేనేజరును కలవడానికి ఇద్దరం పోయినాం. జుర్మానా గురించి రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టు 18న ఇచ్చిన ఆదేశం నా దగ్గర ఉంది. షరతు తప్పినందుకు రుసుం వేయవచ్చు కానీ దాన్ని వడ్డీ రేటులో కలపకూడదు, దాని మీద మళ్లీ వడ్డీ వేయకూడదు, ఎందుకు వేశారో చెప్పాలి. ఆయన విసుక్కోకుండా చూసినాడు. వేసింది రుసుమే. వడ్డీ లేదు. కారణం చెబుతూ మెసేజి కూడా పంపినారు. తమ్ముడు దాన్ని ఇంకో లోన్ ఆఫర్ అనుకుని చూడలేదు.

అప్పుడు నేను రంజాను తేదీల కాగితం ఇచ్చినాను, 2033 దాకా. ఆ ఏడు జనవరి మొదట్లో ఒక ఈద్, డిసెంబరు చివర్లో ఇంకోటి. ఆయన నవ్వి, "అప్పటికి నేను ఏ ఊళ్లో ఉంటానో సార్" అన్నాడు. తర్వాత అడిగినాడు, "నెలవంక కనపడకపోతే ఒక రోజు మారుతుందిగా? అదీ రాయండి." రాసినాం. వేసిన రుసుం వెనక్కి రాలేదు. కొత్త అంచనాలు మాత్రం పైకి పంపి ఒప్పించినాడు. ఇప్పుడు తమ్ముడి పుస్తకంలో ప్రతి నెల పక్కన హిజ్రీ నెల కూడా ఉంటుంది.

మామూజాన్‌కు సంగతి నేనే చెప్పినాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "బిడ్డ షాదీ ఆగదు కదా బేటా" అన్నాడు. ఆ డబ్బు నా జీతంలోంచి నెల నెలా పోతోంది. దుకాణం లెక్కలో అది లేదు.

పోయిన జుమా రోజు అమ్మీ, "ఆ కాగితం నాకూ చదివి వినిపించు, ఇల్లు నాదే కదా" అనింది. కూచోబెట్టి పదకొండు పేజీలూ మన జబాన్లో చెప్పుకుంటూ పోయినాను. తొమ్మిదో పేజీలో జామీనుదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం అన్న చోట చేయెత్తి ఆపింది.

"మళ్లీ చెప్పు."

చెప్పినాను.

"అంటే వాడు కట్టకపోతే నా ఇల్లొక్కటే కాదు, నీ ఇల్లు కూడానా? నీ భార్యకు తెలుసా?"